గుండె నప్పగించుటకు ముందు

ఎడ్లను కొనుటకు సంతకు పోయిన రైతు ముందుగా వాని పండ్లు చూచును, నాలుగడుగులు నడిపించును, సుడులు పరీక్షించును, అరకకు కట్టి ఒక చాలు తీయించును, పిదప అమ్మువాని యూరివారిని చాటుకు పిలిచి, అది పొడుచునా, తన్నునా, దుక్కిలో పండుకొనునా యని విచారించును. ఇంత చేసియు మనసు కుదురకున్న బేరమును మఱుసటి వారమునకు వాయిదా వేయును. ఇక ఆడపిల్ల నిచ్చునప్పుడు అటేడు తరములు, ఇటేడు తరములు విచారించుట మన పెద్దల యాచారము. ఇంతటి జాగరూకత గల మనమే, రొమ్మెముకను చీల్చి, గుండెను కొంతసేపు నిలిపి, అందలి పాడైన కవాటమును కోసివైచి, మఱియొక కవాటమును కుట్టవలసిన శస్త్రవైద్యుని నెన్నుకొనుపట్ల మాత్రము, రైలులో ప్రక్కవాడు చెప్పిన మాటపైనో, రహదారి మలుపున దీపములతో మెఱయుచున్న ప్రకటనపైనో ఆధారపడుచున్నాము. ఇది విచిత్రము, అంతకంటె నపాయకరము.

ఈ విషయమును గూర్చి వ్రాయుటకు తార్నాక మాకు ప్రేరణము. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున, 1939లో తలుపులు తెఱచిన ఆర్ట్సు కళాశాలా సౌధమునకు ముందున్న బాటలపై ప్రాతఃకాలమున వాహ్యాళి చేయువారిలో పెక్కురు తార్నాక, హబ్సిగూడ, సీతాఫలమండి, విద్యానగరము వాస్తవ్యులు. ఉద్యోగము విరమించిన ఉపాధ్యాయులు, రైల్వేవారు, నల్లగొండ వరంగల్లు జిల్లాలలో భూములుంచుకొని పిల్లల చదువులకై నగరమున నిల్లు కట్టుకొన్నవారు, చెట్ల నీడ నరుగులపై కూర్చుండి ముచ్చటించుకొనుచుందురు. రాజకీయములు కొంత, రక్తములోని చక్కెర కొంత. గుండె మాట వచ్చినచో తక్కిన ప్రసంగము లన్నియు నాగిపోవును. “మీ బావగారికి వాల్వు మార్చిరట గదా, ఎవరు చేసినారండి? ఎంతయినది?” అను రెండు ప్రశ్నలే మాకు తఱచుగ వినవచ్చినవి. ఎవరు, ఎంత? ఆ చేసినవారు ఇట్టి చికిత్సలు సంవత్సరమునకెన్ని చేయుదురు, వారిచే చేయించుకొన్నవారిలో నెందఱు నడచి యింటికి వచ్చిరి, వచ్చినవారు ఐదేండ్ల పిదప నెట్లున్నారు అను మూడవ ప్రశ్నను మేమింతవఱకు వినలేదు.

ఇంతటి విద్యాసంపద యొక్కచోట ప్రోగుపడిన తావులు తెలుగునాట అరుదు. 1918లో వెలసిన విశ్వవిద్యాలయ మొక ప్రక్క. దాని పొరుగుననే జాతీయ పోషకాహార సంస్థ; అది కూనూరులో మెకారిసను దొర 1918లోనే యారంభించిన ప్రయోగశాలకు సంతతియై, 1958లో నిచ్చటికి తరలివచ్చినది. కూతవేటు దూరమున, 1944లో హైదరాబాదు సంస్థానపు ప్రయోగశాలగ మొదలై, నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యనబడుచున్న శాల. ఉప్పలు బాటపై జీవకణ పరిశోధన కేంద్రము. తార్నాకలోనే రోడ్డు రవాణా సంస్థ యాసుపత్రి, లాలాగూడలో రైల్వేవారి యాసుపత్రి. ఇన్ని శాస్త్రశాలల నడుమ నివసించువారును, హృద్రోగ వైద్యుడు చీటిపై “కవాటము మార్చవలెను” అని వ్రాసినంతనే, మారుమూల పల్లెలోని నిరక్షరాస్యుని వలెనే దిక్కుతోచక, తెలిసినవారి కెవరికైన ఫోను చేయుచున్నారు. దీపము క్రిందనే చీకటి యుండుననుట కింతకంటె నిదర్శనము వలదు. వారి తప్పని మే మనము. అడుగవలసిన ప్రశ్నలను వారికి నేర్పినవారు లేరు. అడిగినను, బదులు చెప్పవలసిన విధి ఎవరిపైనను మోపబడలేదు.

మొదట వ్యాధి సంగతి. గుండె యొక యెత్తిపోతల యంత్రము. దినమునకు సుమారు లక్షసార్లు కొట్టుకొనును. దానిలో నాలుగు కవాటములున్నవి. వ్యవసాయబావి మోటారు గొట్టమునకు అడుగున ఫుటువాల్వు చేయు పనినే యవి చేయుచున్నవి. రక్తమును ముందునకు పోనిచ్చును, వెనుకకు రానీయవు. ఫుటువాల్వు పాడైన బావివద్ద మోటారెంత తిరిగినను నీరెక్కదని రైతులకు చెప్పనక్కఱలేదు. కవాటము చెడుట రెండు విధములు: బిగిసి తెఱచుకొనకపోవుట యొకటి, సరిగా మూసికొనక కాఱుట మఱొకటి. రెండును కూడియు నుండవచ్చును.

మన దేశమున చిన్నవయసు వారి కవాటములను చెఱచునది ముఖ్యముగా కీళ్లవాత జ్వరము. చిన్ననాట గొంతునొప్పి కలిగించు ఒక జాతి సూక్ష్మజీవిని చంపుటకు దేహము చేయు పోరాటము దారితప్పి, స్వంత గుండెపైననే దాడిచేయును. కీళ్ల వాపు కొన్ని వారములలో పోవును. గుండెలోని గాయము పదియేండ్లకు, ఇరువదియేండ్లకు బయటపడును. ఒకసారి యీ జ్వరము వచ్చిన బిడ్డకు మూడు నాలుగు వారముల కొకమారు పెన్సిలిను సూదిమందు ఏండ్ల తరబడి యిప్పించినచో మఱల రాకుండ నాపవచ్చును. ఆ మందు వెల స్వల్పము. దానిని మానివేయుటచే కలుగు శస్త్రచికిత్స వెల లక్షలలో నుండును. ఇక వృద్ధులలో బృహద్ధమని కవాటమునకు సున్నము పట్టి గట్టిపడుట సాధారణము. తార్నాక అరుగులపై వినబడునవి యెక్కువగా నీ రెండవ జాతివి. పల్లెనుండి చికిత్సకై బంధువులయిండ్లకు వచ్చిన యువతులవి మొదటి జాతివి.

“ఎవరిచే చేయించవలెను?” అనుటకు ముందు “చేయించవలెనా? ఎప్పుడు?” అను ప్రశ్న కలదు. ఇందు రెండు విధముల పొరపాట్లు జరుగుచున్నవి. అవసరము రాకమునుపే తొందరపడుట యొకటి. “నాకు ఆయాసము లేదు గదా” యని కాలహరణము చేయుట మఱొకటి. కవాటము కాఱుచున్నప్పుడు గుండె చాలకాలము దానిని సహించి, లోలోపల ఉబ్బుచుండును. ఆయాసము కనబడునప్పటికి కండరము తిరిగిరాని స్థితికి చేరియుండవచ్చును. అందువలన వేళను నిర్ణయించునది రోగి యనుభవమొక్కటియే కాదు. ఎకో పరీక్షలో కనబడు గుండె కొలతలును, దాని బలమును. ఈ పరీక్షను ఒకచోట కాక రెండుచోట్ల, వేర్వేఱు వైద్యులచే చేయించుకొనుట మంచిది. రెండవ యభిప్రాయము కోరుట మొదటి వైద్యుని అవమానించుట యని మనవారిలో నొక దురభిప్రాయమున్నది. మంచి వైద్యుడు దీనికి కోపగింపడు. కోపగించినచో, రోగికి తెలియవలసిన సంగతి యొకటి తెలిసినట్లే.

మార్చుటయే మార్గము కాకపోవచ్చును కూడ. బిగిసిన ద్విపత్ర కవాటమును రొమ్ము కోయకుండ, తొడ రక్తనాళమునుండి బుడగను పంపి విప్పు పద్ధతిని జపాను దేశపు ఇనోవే 1984లో లోకమునకు వెల్లడించెను. కవాటము మృదువుగా నుండి, కాఱుట లేక, గుండెలో రక్తపుగడ్డ లేనప్పుడు, ఇది మన పడుచులకు గొప్ప వరము. కాఱుచున్న ద్విపత్ర కవాటమును పెక్కు సందర్భములలో తీసివేయక బాగుచేయవచ్చును. అట్లు బాగుపడినది, కొత్తగా కుట్టినదానికంటె మేలు. కీళ్లవాతముచే ముడుచుకొన్నదానిని బాగుచేయుట కష్టతరమే, అయినను చేయువారున్నారు. చిక్కు ఇచ్చటనే యున్నది. బాగుచేయుటకు మార్చుటకంటె నెక్కువ నేర్పు, ఎక్కువ యభ్యాసము కావలెను. అందు అలవాటులేని సర్జను “మార్చుట తప్పదు” అనును. అతడబద్ధ మాడుట లేదు, తన చేతికి తప్పదని యర్థము. కావున ద్విపత్ర కవాటము కాఱుచున్నవారు మొదట నడుగవలసిన ప్రశ్న యిది: “అయ్యా, దీనిని బాగుచేయ శక్యమా? గడచిన సంవత్సరము తాము బాగుచేసినవెన్ని, మార్చినవెన్ని?”

మార్చుట నిశ్చయమైనపిమ్మట, ఏ కవాటము? దీనికొక చరిత్ర కలదు. గుండె ఊపిరితిత్తుల పనిని బయట చేయు యంత్రముతో 1953లో ఫిలడెల్ఫియాలో గిబ్బను వైద్యుడు విజయము పొందిన తరువాతనే, గుండెను నిలిపి లోపల కుట్టుపని చేయుట సాధ్యమైనది. 1960లో అమెరికాలోని పోర్ట్లండున స్టారు అను యువ సర్జనును, ఎడ్వర్డ్సు అను వృద్ధ యంత్రశిల్పియు కలసి, పంజరములో బంతివంటి కవాటమును చేసిరి. దానితో మొదట చాలకాలము బ్రదికిన రోగి యేబదిరెండేండ్లవాడు. పదియేండ్లు సుఖముగ జీవించి, తుదకు నిచ్చెనపైనుండి పడి మరణించెను, కవాటము వలన కాదు. బంతి పోయి ఊగెడి బిళ్ల వచ్చినది. బిళ్ల పోయి రెండు రెప్పలు వచ్చినవి. మధ్యలో నొక దుర్ఘటన. ప్రఖ్యాతమైన ఒక బిళ్ల కవాటమును 1979లో “మెఱుగుపఱచి” అమ్మిరి. సుమారు 86 వేలమందికి కుట్టిరి. దానిలోని సన్నని కమ్మి కొందఱి గుండెలలో విఱిగి ప్రాణములు తీసెను. 1986లో బజారునుండి తీసివైచిరి. “సరికొత్త రకము” అని ఆసుపత్రి గుమాస్తా పొగడినప్పుడు చదువరు లీ కథను జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక.

మన దేశపు కవాటమును గూర్చి రెండు మాటలు చెప్పక ముందునకు పోజాలము. విదేశపు కవాటము మన బీదల కందదని గ్రహించి, తిరువనంతపురమున శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో వలియత్తాను పండితుడు తన యనుచరులతో స్వదేశపు కవాటమును నిర్మింప బూనెను. ఆ సంస్థలో ఒక ప్రక్క వైద్యులు, మఱొక ప్రక్క యంత్రశాస్త్రజ్ఞులు ఒకే కప్పు క్రింద పనిచేసిరి. ఒకటి తరువాత నొకటిగ మొదటి నమూనాలు విఫలమైనవి. ఎగతాళి చేసినవారు లేకపోలేదు. నాలుగవ నమూనా నిలిచినది: గట్టి లోహపు చట్రము, ప్లాస్టికు జాతి బిళ్ల. 1990 డిసెంబరులో మొదటిసారి మనుష్యునకు కుట్టిరి. మదరాసు టి.టి.కె. సంస్థవారు తయారుచేయ నారంభించిరి. నేటికి లక్షకు మించిన గుండెలలో అది టిక్కు టిక్కుమని కొట్టుకొనుచున్నది. వలియత్తాను 2024లో పరమపదించెను. ఈ కవాటము పేరెత్తకుండ విదేశపు దానినే చూపు ఆసుపత్రిలో రోగి బంధువులు కారణమడుగవలెను. కారణము సమంజసమై యుండవచ్చును. కాని యడుగవలెను.

లోహపు కవాటము దాదాపు జీవితాంతము నిలుచును; కాని దానిపై రక్తము గడ్డకట్టకుండ జీవితాంతము మందు మ్రింగవలెను. పంది కవాటముతోగాని, ఎద్దు గుండెపొరతోగాని చేసిన జీవకవాటమునకు ఆ బాధ తక్కువ. కాని పది పదునైదేండ్లలో అరిగిపోవును, పడుచువారిలో మఱింత త్వరగా. ఏబదియేండ్లలోపు వారికి లోహము, అఱువదియైదు దాటినవారికి జీవకవాటము, మధ్యవారికి విచారించి ఏదైనను అనునది నేటి సామాన్య నియమము. నియమమునకు లొంగని రోగులు మన యిండ్లలోనే యున్నారు. ఇరువదిరెండేండ్ల కోడలు. ఇంకను బిడ్డలు కలుగలేదు. లోహపు కవాటము పెట్టించిన, ఆ మందు గర్భములోని శిశువు నంగహీనునిగ చేయవచ్చును; మందు మార్చిన, కవాటముపై గడ్డ కట్టి తల్లికే ముప్పు రావచ్చును. జీవకవాటము పెట్టించిన, బిడ్డలను సుఖముగ కనవచ్చును. కాని ముప్పదియైదవయేట మఱల రొమ్ము కోయించుకొనవలెను. ఈ సంగతిని ఆ పడుచుతో నేరుగ, ఆమెకు తెలియు భాషలో చెప్పినవారెందఱు? మామగారును సర్జనును వరండాలో నిలుచుండి నిర్ణయించినంత మాత్రమున చాలదు. ఆ రొమ్ము ఆమెది. శస్త్రచికిత్సకు సమ్మతి నిజమైన సమ్మతి కావలెనని, ఒకదానికిచ్చిన సమ్మతి మఱొకదానికి చెల్లదని సర్వోన్నత న్యాయస్థానము 2008లో తీర్పు చెప్పియున్నది.

ఆ మందు కథ మన పశువుల కాపరులకు రుచించును. అమెరికా ఉత్తర ప్రాంతములలో బూజుపట్టిన గడ్డి తిన్న పశువులు నెత్తురు కాఱి చనిపోవుట చూచి, విస్కాన్సినులో లింకు అను రసాయనజ్ఞుడు ఆ గడ్డినుండి విషమును విడదీసెను. దాని సంతతియే వార్ఫరిను. 1948లో ఎలుకల మందుగ బయలుదేరి, 1954లో మనుష్యులకు మందైనది. మన వైద్యులు దానినిగాని, దాని దాయాది మందునుగాని యిత్తురు. మోతాదు తగ్గిన గడ్డ, మించిన నెత్తురు కాఱుట. అందుచే మాసమునకొకమారైన రక్తపరీక్ష. తోటకూర, పాలకూర, మునగాకు అధికముగ తిన్న మందు బలము తగ్గును. అట్లని ఆకుకూరలు మాననక్కఱలేదు. దినదినమును ఇంచుమించు ఒకే పరిమాణమున తినుట ముఖ్యము. ఆషాఢమున మునగాకు కుప్పలుగ తిని, శ్రావణమున ముట్టకుండు ఆచారము మాత్రము వీరికి పనికిరాదు. ఏ యాకున నేయే జీవపదార్థములున్నవో తూచి లెక్కగట్టు సంస్థ తార్నాకలోనే యున్నదని మఱల గుర్తుచేయుచున్నాము.

ఇప్పుడు సర్జను. పేరు, బిరుదు, పత్రికలలో బొమ్మ, వీనిలో నేదియు కుట్టుపని చేయదు. మన నగరమునకు హృదయ శస్త్రవైద్యమున సత్కీర్తి లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రమున మొట్టమొదట గుండె తెఱచి చికిత్స చేసినవాడని పేరొందిన దాసరి ప్రసాదరావుగారు పంజగుట్టలోని నిజాము వైద్యవిజ్ఞాన సంస్థకు సంచాలకులై యుండిరి. ఆ సంస్థలోనే పనిచేసిన సోమరాజుగారు, తరువాత రాష్ట్రపతియైన అబ్దుల్ కలాముగారితో కలసి చవుకగు స్టెంటును నిర్మించిరి. పూర్వుల కీర్తి నేటి రోగికి హామీ కాదు గదా. అడుగవలసినవి వేఱు. తాము సంవత్సరమునకు కవాట చికిత్స లెన్ని చేయుదురు? కేవలము గుండె చికిత్సలని కాదు, నాకు కావలసిన యీ కవాటమునకే యెన్ని? మొదటి ముప్పది దినములలో చనిపోయినవారెందఱు? పక్షవాతము వచ్చినవారెందఱు? రొమ్ము పుండు పట్టి మఱల తెఱచినవెన్ని? నన్ను కోయునది తామేనా, లేక తమ పేరిట మఱియొకరా? ఈ కడపటి ప్రశ్న మొగమాటముచే విడువరానిది. పెద్ద యాసుపత్రులలో పేరుగల సర్జను ముఖ్యమైన కుట్లు వేసి, తెఱచుట మూయుట సహాయకులకు విడుచుట లోకాచారము. అందు దోషము లేదు. రోగికి తెలిసియుండుట న్యాయము.

సర్జను నొక్కని చూచి చాలించరాదు. మత్తువైద్యుడు, గుండె యంత్రమును నడపువాడు, రాత్రి రెండు గంటలకు ప్రక్కన మేలుకొనియుండు నర్సు, వీరందఱి చేతులలోను ప్రాణమున్నది. పగలు కుట్టినది రాత్రి కాఱినచో ఆసుపత్రిలో నెవరుందురు? రక్తనిధి లోపలనే యున్నదా? మూత్రపిండములు మొరాయించినచో యంత్రమున్నదా? ఇవి ఇల్లు చూచునప్పుడు నీరు, మురుగుకాలువ అడిగినంత సామాన్యమైన ప్రశ్నలు. చలువరాతి నేల, నీటిబుగ్గ, అల్పాహారశాల చూచి మురిసిపోవువారు మాత్రమే వానిని మఱచుచున్నారు.

మత్తు మాట వచ్చినది గనుక హైదరాబాదు చరిత్రలోని యొక యధ్యాయమును ముచ్చటింతము. క్లోరోఫారము రోగిని చంపినప్పుడు గుండె ముందాగునా, ఊపిరి ముందాగునా యని పందొమ్మిదవ శతాబ్దమున పెద్ద వివాదముండెను. నగరమున రెసిడెన్సీ సర్జను, వైద్యపాఠశాలాధిపతియునైన ఎడ్వర్డు లారీ, నిజాము ధనసహాయముతో 1888లో నొక విచారణసంఘమును, 1889లో రెండవదానిని నడిపెను. రెండవదానికి లండను “లాన్సెట్” పత్రికవారు లాడరు బ్రంటను పండితుని పంపిరి. వ్యయము నిజాము భరించెను. వందలకొలది జంతువులపై పరీక్షించి, ఊపిరియే ముందాగును, గుండెకు నేరుగా భయము లేదని తేల్చిరి. ఈ తీర్మానము పొరపాటు. క్లోరోఫారము గుండె లయను తప్పించి హఠాత్తుగ చంపగలదని 1911లో లెవీ అను వైద్యుడు నిరూపించెను. అయినను మేము హైదరాబాదు సంఘమును తక్కువ సేయము. వారు తాము చూచినదంతయు, లెక్కలతో సహా, లోకము ముందుంచిరి. అందుచేతనే పరులు దానిని దిద్దగలిగిరి. నూటముప్పదియేండ్లకు పూర్వము కుక్కల చావులను లెక్కించి ప్రకటించుటకు ధనము వెచ్చించిన నగరమున, నేడు మనుష్యుల గుండె చికిత్సల ఫలితములు ఆసుపత్రివారీగ, సర్జనువారీగ ప్రజల చేతికి వచ్చుట లేదు.

ఇతర దేశములలో నిది యూరక రాలేదు. న్యూయార్కు రాష్ట్రమున ప్రభుత్వము 1989 నుండి గుండె రక్తనాళ చికిత్సల మరణములను సేకరించుచు, సర్జనుల పేర్లను మాత్రము దాచియుంచెను. ఒక దినపత్రిక న్యాయస్థానమున కేగి, 1991లో ఆ పేర్లను బయటికి రప్పించినది. మా వృత్తివారి పని యట్టిది గదా యని మాకు కొంత గర్వము. ఇంగ్లండులో బ్రిస్టలు నగరపు ఆసుపత్రిలో శిశువుల గుండె చికిత్సల ఫలితములు హీనముగనున్నవని అచ్చటి మత్తువైద్యుడే లెక్కవేసి మొఱపెట్టుకొనెను, తోటివారు వినలేదు, అతడు దేశము విడిచి ఆస్ట్రేలియాకు పోయెను. 2001లో విచారణసంఘము వెల్లడించినదేమన, 1991 మొదలు 1995 వఱకు ఏడాదిలోపు శిశువులు ముప్పది మొదలు ముప్పదియైదు మంది, ఇతరచోట్ల బ్రదుకవలసినవారు, అచ్చట మరణించిరి. ఆ పిమ్మటనే ఆ దేశమున గుండె సర్జనుల ఫలితములు బహిరంగమైనవి.

పేర్లు ప్రకటించినచో సర్జనులు కష్టమైన రోగులను త్రోసివేయుదురని యొక యాక్షేపణ కలదు. అది త్రోసిపుచ్చదగినది కాదు. డెబ్బదియేండ్ల మధుమేహ రోగిని చేపట్టిన సర్జనును, ఆరోగ్యవంతుడైన యువకునే చేపట్టినవానిని ఒకే త్రాసున తూచుట యన్యాయము. ఈ చిక్కును తీర్చుటకే రోగి వయసు, మూత్రపిండముల స్థితి, గుండె బలము మొదలగువానిని బట్టి ముందుగనే యపాయమును లెక్కించు పట్టికలు పాశ్చాత్యులు తయారుచేసిరి. యూరోస్కోరు అనునది యందొకటి, మన సర్జనులును దాని నెఱుగుదురు. ఆ లెక్కతో సరిచూచి ప్రకటించిన, బీదవాని కష్టపు గుండెను చేపట్టినవాని గౌరవమే పెరుగును. “నా విషయమున ఆ లెక్క యెంత?” అని రోగియు నడుగవచ్చును.

మన రాష్ట్రమున దీనిని ప్రారంభించుటకు కొత్త శాసనముతో పనిలేదని మా యభిప్రాయము. 2007లో ఉమ్మడి రాష్ట్రమున మొదలైన ఆరోగ్యశ్రీ క్రింద కవాట చికిత్సలు జరుగుచున్నవి. తెలంగాణమున కుటుంబమున కిచ్చు పరిమితిని 2023 డిసెంబరులో పదిలక్షల రూపాయలకు పెంచిరి. ప్రతి చికిత్సకును ముందుగ ననుమతి కోరుచు ఆసుపత్రులు ట్రస్టుకు పత్రములు పంపవలెను. ధనము చెల్లించునది ట్రస్టే. ధనమిచ్చినవానికి లెక్క యడుగు హక్కు కలదు. ఆ ధనము ప్రజలది గనుక చూచు హక్కు ప్రజలకు కలదు. ఏ యాసుపత్రి గడచిన యేట నెన్ని కవాటములు మార్చినది, ఎందఱు బ్రదికి యిల్లు చేరిరి యను నీ రెండు అంకెలను సంవత్సరమునకొకమారు ప్రకటించుట ట్రస్టువారికి దుస్సాధ్యమైన పని కాదు. చిన్న యాసుపత్రులు, ఏడాదికి పట్టుమని పదియైనను చేయనివి, ఈ ప్రకటనచే నొచ్చుకొనవచ్చును. నొచ్చుకొననిండు.

అంతవఱకు తార్నాక వాస్తవ్యు డేమి చేయవలెను? ఖర్చు విషయమున నెవరికి వారు ఆలోచించుకొనవలసినదే యైనను, ఖరీదు హెచ్చిన కొలది నేర్పు హెచ్చునను భ్రమ వలదు. మెట్రోబండి తార్నాక మీదుగ 2017 నవంబరు నుండి నడచుచున్నది. అమీరుపేటలో మారి పంజగుట్టలో దిగినచో నిజాము సంస్థ చేరువనే. జనసమ్మర్దము, నిరీక్షణము అచ్చట సహించవలెను. కాని శిక్షణ యిచ్చు పెద్ద ప్రభుత్వ సంస్థలలో కీళ్లవాతపు గుండెలను చూచిన యనుభవ మధికము. దూరమునకు పోదలచినవారికి తిరువనంతపురము, వెల్లూరు ఉండనే యున్నవి. పుట్టపర్తిలో 1991లో వెలసిన సంస్థ రోగివద్ద రుసుము పుచ్చుకొనదు. దూరపు చికిత్సకొక లోపము: చికిత్స యొకనాటిది, రక్తపరీక్ష యావజ్జీవము. అచ్చట కోసినను ఇచ్చట మందు మోతాదు దిద్దు వైద్యుడెవరో ముందుగనే మాటలాడుకొని పోవలెను. ఈ యేర్పాటులేక, చక్కగా కుట్టిన కవాటము గడ్డకట్టి చెడిన సందర్భములు కలవు.

చికిత్స కాగానే కాగితములన్నియు పుచ్చుకొనవలెను. రోగి కోరిన 72 గంటలలో వైద్యపత్రముల నీయవలెనని 2002 నాటి వైద్యమండలి నిబంధనలు చెప్పుచున్నవి. కవాటము రకము, కొలత, వరుససంఖ్య గల చీటి ఆసుపత్రివారిత్తురు. దానిని బీరువాలో దాచక జేబులో నుంచుకొనవలెను. పండ్లు పుచ్చియున్నచో చికిత్సకు ముందే బాగుచేయించుకొనుట శ్రేయస్కరము, ఏలయన నోటిలోని సూక్ష్మజీవులు రక్తముతో పోయి కృత్రిమ కవాటముపై గూడుకట్టుకొనును. తరువాతి కాలమున పన్ను తీయించుకొనవలసి వచ్చినప్పుడు, కుర్చీలో కూర్చుండకమునుపే దంతవైద్యునకు జేబులోని చీటి చూపవలెను. ఆయన ముందుగ నొక మందు మ్రింగించి, ఆ పిమ్మట పట్టకారు చేత బట్టును.